పదకొండు పేజీల బరువెంత?

పరిశోధకుడి పనిని తూచడానికి ప్రపంచమంతా వాడే తూకంరాయి పేరు సైటేషన్. బ్యాంకు ఖాతా నుంచి సెల్‌ఫోన్ దాకా అన్నింట్లోకీ చేరిన డేటాబేస్‌కి పునాది వేసిన ఎడ్గర్ కాడ్‌ని అదే తక్కెడలో కూర్చోబెడితే ముల్లు ఎక్కడ ఆగుతుంది?

హైదరాబాద్ అమీర్‌పేట. మైత్రీవనం చుట్టుపక్కల సందులు. గోడ రంగేమిటో కనిపించనంతగా కోర్సుల పోస్టర్లు. తొంభైల చివర్లోనూ ఆ తర్వాతి పదేళ్లలోనూ అక్కడ ఒరాకిల్ నేర్చుకుని ఉద్యోగం సంపాదించినవాళ్లు మన జిల్లాల్లో ఊరికొకరైనా ఉంటారు. వాళ్లలో ఎవర్ని కదిపినా రెండు సంగతులు మాత్రం మర్చిపోలేదంటారు. ఒకటి, మొదటిరోజు కంప్యూటర్ ముందు కూర్చుని కొట్టిన 'స్కాట్', 'టైగర్' అనే రెండు మాటలు. మొదటిది యూజర్ పేరు, రెండోది పాస్‌వర్డ్. (ఆ స్కాట్ ఎవరో కాదు, ఒరాకిల్ తొలినాళ్ల ఉద్యోగి బ్రూస్ స్కాట్. టైగర్... వాళ్లింటి పిల్లి!) ఇక రెండోది, ఇంటర్వ్యూలో తప్పకుండా ఎదురయ్యే ప్రశ్న. 'కాడ్ రూల్స్ ఎన్ని?'

పన్నెండని టక్కున చెప్పేవారు. గుర్తున్నన్ని అప్పజెప్పేవారు. ఆ కాడ్ ఎవరో, ఎక్కడివాడో తెలుసుకునే తీరిక మాత్రం ఎవరికీ ఉండేది కాదు. ఉద్యోగం వచ్చింది. ఇల్లు కట్టారు. చెల్లి పెళ్లి చేశారు. కొందరు అమెరికా వెళ్లారు. ఇన్ని కుటుంబాల్లో దీపం పెట్టిన ఆలోచన ఒక మనిషిది. 1970లో అచ్చయిన పదకొండు పేజీల పరిశోధన పత్రంలో దాన్ని రాశాడాయన.

మరి ఆ పదకొండు పేజీల విలువెంత? విశ్వవిద్యాలయాల లోకంలో ఇలాంటి ప్రశ్నకి సమాధానం సిద్ధంగా ఉంటుంది. ఆ పత్రం తర్వాత వచ్చిన పత్రాల్లో ఎన్ని దాన్ని పేరు పెట్టి ప్రస్తావించాయో లెక్కపెట్టడమే. ఒక ప్రస్తావన ఒక సైటేషన్. ఎన్ని ఎక్కువుంటే అంత గొప్ప. 'ప్రపంచంలోని అగ్రశ్రేణి రెండు శాతం శాస్త్రవేత్తల్లో మన ప్రొఫెసర్లు' అంటూ ఏటా జిల్లా పేజీల్లో ఫొటోలతో వచ్చే వార్తలు చూస్తుంటారు కదా... ఆ జాబితా పుట్టింది ఈ లెక్కలోంచే. స్టాన్‌ఫర్డ్‌కి చెందిన జాన్ అయోనిడిస్ బృందం స్కోపస్ అనే సమాచార భాండారంలోని సైటేషన్లను జల్లెడపట్టి 2019లో మొదటిసారి దాన్ని విడుదల చేసింది. ఉద్యోగాలూ ప్రమోషన్లూ పరిశోధన నిధులూ కాలేజీల ర్యాంకులూ ఇప్పుడు చాలావరకూ ఈ అంకెల చుట్టూనే తిరుగుతున్నాయి. కాబట్టి ఈ తక్కెడ సరిగ్గా తూస్తుందో లేదో చూడాల్సిందే. చూడ్డానికి కాడ్ కన్నా మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు.

రావిచెట్టు కొట్టేస్తే ఎలా?

ఎడ్గర్ కాడ్ 1923లో ఇంగ్లండ్‌లోని పోర్ట్‌లండ్‌లో పుట్టారు. రెండో ప్రపంచయుద్ధంలో విమానాలు నడిపారు. యుద్ధం ముగిశాక అమెరికా వెళ్లి ఐబీఎంలో చేరారు. కమ్యూనిస్టులనే అనుమానంతో జనాన్ని వేటాడిన సెనేటర్ మెకార్తీ వ్యవహారం నచ్చక 1953లో కెనడా వెళ్లిపోయారు. కొన్నేళ్లకు తిరిగొచ్చారు. పీహెచ్‌డీ పూర్తయ్యేసరికి ఆయనకి నలభై దాటేశాయి. ఇప్పటి కొలమానాల ప్రకారం చూస్తే ఆ వయసుకి చేతిలో పెద్దగా ఏమీ లేని మనిషి!

అప్పట్లో కంప్యూటర్లో సమాచారం దాచే పద్ధతి మన పల్లెటూరి చిరునామాలా ఉండేది. 'బస్సు దిగి కుడివైపు తిరిగితే రావిచెట్టు వస్తుంది. దాని పక్కసందులో మూడో ఇల్లు.' తెలిసినవాడికి బ్రహ్మాండంగా పనికొస్తుంది. రేపు ఆ రావిచెట్టు కొట్టేస్తే? సందులో కొత్త ఇల్లు లేస్తే? దారి చెప్పే కాగితాలన్నీ తిరగరాసుకోవాలి. కంప్యూటర్లోనూ అంతే. ఏ సమాచారం ఏ దారిలో దొరుకుతుందో ప్రోగ్రామ్ రాసేవాడికి ముందే తెలిసి ఉండాలి. దాచిన తీరు కాస్త మారిస్తే ప్రోగ్రాములు మూలపడేవి.

కాడ్ ఏమన్నారంటే... సమాచారాన్నంతా పట్టికలుగా పెట్టండి. హాజరు రిజిస్టరులాగా వరుసలు, గడులు. కావలసిందేమిటో అడగండి. దారి వెతుక్కునే పని యంత్రానికి వదిలేయండి. చెప్పడానికి ఇంత తేలికగా ఉన్నా దాని వెనక గణితశాస్త్రంలోని సమితులూ సంబంధాలూ తర్కం ఉన్నాయి. అందుకే దానికి రిలేషనల్ మోడల్ అని పేరు. 1969లో ఐబీఎం లోపలి నివేదికగా రాశారు. 1970 జూన్‌లో 'కమ్యూనికేషన్స్ ఆఫ్ ది ఏసీఎం' పత్రికలో 377వ పేజీ నుంచి 387వ పేజీ దాకా అచ్చయింది.

సొంత కంపెనీ ఎగిరి గంతేసిందా అంటే లేదు. ఐబీఎం దగ్గర అప్పటికే ఐఎంఎస్ అనే పాత పద్ధతి డేటాబేస్ ఉంది. చంద్రుడి మీదకి వెళ్లిన అపోలో రాకెట్ విడిభాగాల చిట్టా రాసుకోవడానికి మొదలైన సాఫ్ట్‌వేర్ అది. దండిగా డబ్బులు తెస్తోంది. బాగా పాలిచ్చే గేదెని ఇంట్లో పెట్టుకుని, ఇంకా పుట్టని దూడకోసం దాన్ని ఎవరమ్ముకుంటారు? 1974లో మిషిగన్ రాష్ట్రంలోని ఆన్ ఆర్బర్‌లో జరిగిన సదస్సులో పాత పద్ధతి తరఫున చార్లెస్ బాక్‌మన్, కొత్త పద్ధతి తరఫున కాడ్ వాదించుకున్నారు. బాక్‌మన్ అంటే సామాన్యుడు కాదు, అంతకు ముందు ఏడాదే ట్యూరింగ్ అవార్డు అందుకున్న మనిషి. కాడ్‌కి ఆ అవార్డు రావడానికి 1981 దాకా ఆగాల్సి వచ్చింది.

ఈలోగా ఐబీఎం శాన్‌హోసే ప్రయోగశాలలో 'సిస్టమ్ ఆర్', బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో మైకేల్ స్టోన్‌బ్రేకర్, యూజీన్ వాంగ్‌ల 'ఇంగ్రెస్'... రెండూ ఆ పదకొండు పేజీలని పట్టుకునే మొదలయ్యాయి. సిస్టమ్ ఆర్ బృందం తమ పనిని దాచుకోకుండా పత్రాలుగా అచ్చేసింది. వాటిని శ్రద్ధగా చదివినవాళ్లలో లారీ ఎలిసన్ ఒకరు. 1977లో ఇద్దరు మిత్రులతో కలిసి కంపెనీ పెట్టి, ఐబీఎం కన్నా ముందే 1979లో ఒరాకిల్‌ని అమ్మకానికి పెట్టారు. ఇక్కడ ఒక్కక్షణం ఆగండి. ఎలిసన్ పరిశోధన పత్రమేమీ రాయలేదు. సరుకు తయారుచేశారు. కాబట్టి చరిత్రలోకెల్లా ఖరీదైన ఈ చదువు కాడ్ ఖాతాలో ఒక్క సైటేషన్‌ని కూడా చేర్చలేదు.

ఈ లెక్క మొదలెట్టిందెవరు?

ఫిలడెల్ఫియాకి చెందిన యూజీన్ గార్‌ఫీల్డ్. రసాయనశాస్త్రం చదివి గ్రంథాలయాల వైపు వచ్చిన మనిషి. ఆయనకి ఈ ఆలోచన తట్టింది శాస్త్రవేత్తల దగ్గర కాదు, వకీళ్ల దగ్గర. ఒక తీర్పుని ఆ తర్వాత ఏయే తీర్పులు ప్రస్తావించాయి, ఏవి కాదన్నాయి అనేది అమెరికా న్యాయవాదులు 1873 నుంచీ షెపర్డ్స్ సూచికల్లో వెతుక్కునేవారు. అదే పద్ధతి పరిశోధన పత్రాలకి ఎందుకు పనికిరాదని 1955లో 'సైన్స్' పత్రికలో రాశారు గార్‌ఫీల్డ్. 1964లో సైన్స్ సైటేషన్ ఇండెక్స్‌ని బయటికి తెచ్చారు. 613 పత్రికలు, 14 లక్షల సైటేషన్లతో మొదలైంది.

ఆయన ఉద్దేశం పరిశోధకులకి మార్కులు వేయడం కాదు. ఒక పత్రం చేతిలో ఉంటే దాని సంతానాన్ని వెతికి పట్టుకోవడం ఎలా అన్నదే. కానీ అంకె కనిపించాక దాన్ని పోల్చకుండా ఉండగలమా? పక్కింటి పిల్లాడి మార్కులు అడగకుండా ఉండలేనట్టే!

విచిత్రం ఏమిటంటే ఈ ఆలోచన కొత్త రూపంలో మళ్లీ డేటాబేస్ పరిశోధకుల దగ్గరికే వచ్చింది. తొంభైల్లో స్టాన్‌ఫర్డ్‌లో డేటా మైనింగ్ మీద పనిచేస్తున్న సెర్గీ బ్రిన్, తన తోటి విద్యార్థి లారీ పేజ్‌తో కలిసి ఇంటర్నెట్ లింకుల్ని కూడా సైటేషన్లలాగే లెక్కవేయొచ్చని అనుకున్నారు. ఎక్కువమంది చూపించిన పేజీ, అందులోనూ పెద్దవాళ్లు చూపించిన పేజీ ముందు రావాలి. అదే గూగుల్. ఆ గూగులే 2004లో 'స్కాలర్' అనే సేవ ప్రారంభించి సైటేషన్ల లెక్కని అందరికీ ఉచితం చేసేసింది. అంతవరకూ పెద్ద లైబ్రరీలకే అందుబాటులో ఉన్న అంకె ఇప్పుడు మండల కేంద్రంలోని లెక్చరర్‌కీ ఒక్క క్లిక్కు దూరం.

సభలో చదివితే లెక్కలేదు

డేటాబేస్ మనుషులకి గార్‌ఫీల్డ్ సూచికతో మొదటినుంచీ ఒక పేచీ ఉంది. వైద్యులు, రసాయన శాస్త్రవేత్తలు తమ మంచి పనిని జర్నల్‌లో అచ్చేస్తారు. డేటాబేస్ పరిశోధకులు మాత్రం సిగ్‌మాడ్, వీఎల్‌డీబీ అనే వార్షిక సదస్సులకి పంపుతారు. అక్కడ ఎంపికవడం జర్నల్లో అచ్చవడంకన్నా కష్టం. జర్నళ్లని మాత్రమే లెక్కపెట్టే సూచికకి సదస్సులో చదివిన పత్రం కనపడదు. అంటే రంజీ స్కోర్లు మాత్రమే చూసి క్రికెటర్‌ని ఎంపిక చేస్తూ, టెస్టు మ్యాచ్‌లు ఆడటం వల్లే రంజీకి దూరమైనవాడిని పక్కనపెట్టడం లాంటిది!

ఇది ఉత్తి ఉక్రోషమా, నిజమేనా? జర్మనీలోని లైప్‌జిగ్ విశ్వవిద్యాలయం నుంచి ఎర్హార్డ్ రామ్, ఆండ్రియాస్ తోర్ లెక్కతీసి 2005లో ప్రచురించారు. ఆ రెండు సదస్సులు, మూడు డేటాబేస్ పత్రికలు, పదేళ్ల పత్రాలు తీసుకుని గూగుల్ స్కాలర్ సైటేషన్లతో జతచేసి చూశారు. సదస్సు పత్రాలదే పైచేయి అని తేలింది. అలాంటివాటిని చూడని సూచికతో ఒక డేటాబేస్ ప్రొఫెసర్‌ని తూచి 'ఈయన పనికి పెద్దగా గుర్తింపు లేదు' అని రాసేస్తే ఆ ఫైలు మీద సంతకం పెట్టే అధికారికి తేడా తెలుస్తుందా?

ఇప్పుడు కాడ్ దగ్గరికి వద్దాం. గూగుల్ స్కాలర్‌లో ఆయన 1970 పత్రానికి సైటేషన్లు పది వేలకు పైనే. గొప్ప అంకె, సందేహం లేదు. కానీ అదే ఐబీఎం నుంచి, కాడ్ పనిచేసిన శాన్‌హోసే ప్రయోగశాలే ఆల్మడెన్ కొండల్లోకి మారాక, రాకేశ్ అగ్రవాల్, రామకృష్ణన్ శ్రీకాంత్ 1994లో రాసిన పత్రానికి అంతకన్నా చాలా ఎక్కువ ఉన్నాయి. సూపర్ మార్కెట్ బిల్లుల్లోంచి 'బ్రెడ్డు కొన్నవాళ్లు వెన్న కూడా కొంటున్నారు' లాంటి అలవాట్లని పట్టుకునే పద్ధతి అది. నిజంగా గొప్ప పని. అయితే అది కాడ్ పనికన్నా రెట్టింపు గొప్పదా? ఆ ప్రశ్నే అర్థంలేనిది. తొంభైల నాటికి కంప్యూటర్ సైన్స్‌లో పత్రాలు రాసేవాళ్ల సంఖ్య 1970తో పోలిస్తే ఎన్నో రెట్లు పెరిగింది. జనం ఎక్కువున్న వీధిలో దుకాణానికి బేరం ఎక్కువ. అంతెందుకు, శ్రీకాంత్ పద్ధతి పనిచేసిన బిల్లులు కూడా కాడ్ చెప్పిన పట్టికల్లోనే ఉండేవి!

ఇక హెచ్-ఇండెక్స్. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం భౌతికశాస్త్రవేత్త హోర్హే హిర్ష్ 2005లో ప్రతిపాదించారు. ఒకరి పత్రాలన్నింటినీ ఎక్కువ సైటేషన్లున్న దానినుంచి తక్కువున్న దాని దాకా వరసగా పేర్చండి. పదో పత్రానికి కనీసం పది సైటేషన్లు ఉండి, పదకొండోదానికి పదకొండు లేకపోతే ఆయన హెచ్-ఇండెక్స్ పది. మనిషి మొత్తాన్ని ఒకే అంకెలో పెట్టేయొచ్చు కాబట్టి అది దావానలంలా పాకింది. కానీ ఈ పద్ధతిలో ఎవరి అంకైనా వారు రాసిన పత్రాల సంఖ్యని దాటదు.

రేమండ్ బాయిస్ సంగతి చూడండి. బీటెక్ చదివినవాళ్లకి 'బాయిస్-కాడ్ నార్మల్ ఫామ్' గుర్తుండే ఉంటుంది, పరీక్షలో కచ్చితంగా వచ్చేది. ఆ బాయిస్ ఐబీఎంలో డాన్ చాంబర్లిన్‌తో కలిసి సీక్వెల్ అనే భాషని తయారుచేశారు. ఇప్పుడు ప్రపంచమంతా వాడుతున్న ఎస్‌క్యూఎల్ అదే. దానిమీద పత్రం వచ్చింది 1974లో. అదే ఏడాది మెదడులో రక్తనాళం చిట్లి బాయిస్ చనిపోయారు. అప్పటికి ఆయనకి ముప్ఫై కూడా నిండలేదు. ఆయన రాసిన పత్రాలు వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. ఏడాదికి ఇరవై పత్రాలు వదిలే ఏ మధ్యతరం ప్రొఫెసర్‌తోనైనా హెచ్-ఇండెక్స్ పోటీ పెడితే ఎస్‌క్యూఎల్ సృష్టికర్త చిత్తుగా ఓడిపోతాడు.

ఆ రావు ఈ రావు ఒకరేనా?

లెక్కలో మన తెలుగువాళ్లకి వచ్చే తంటా ఇంకోటుంది. అది పేరు. మనకి ఇంటిపేరు ముందుంటుంది, దాన్నేమో ఒక్క అక్షరానికి కుదించేస్తాం. తెల్లవాడి లెక్కప్రకారం చివరున్నదే ఇంటిపేరు. కొల్లి శ్రీనివాసరావు అనే లెక్చరర్‌ ఉన్నారనుకోండి. ఒక పత్రికలో కె.శ్రీనివాసరావు, ఇంకోదాంట్లో రావు కె.ఎస్., మరోదాంట్లో శ్రీనివాస్ కొల్లి. కంప్యూటర్‌కి ముగ్గురు మనుషులు. ఆయన సైటేషన్లు మూడు ముక్కలు. ఇంకోవైపు, దేశంలోని రావు కె.ఎస్.లందరినీ ఒకే ఖాతాలో పోస్తే పాపం ఎవరి పుణ్యమో ఇంకెవరికో! పెళ్లయ్యాక ఇంటిపేరు మారిన మహిళల కష్టం చెప్పక్కర్లేదు.

జర్మనీలో ట్రియర్ విశ్వవిద్యాలయంలో మైకేల్ లే 1993లో డీబీఎల్‌పీ అనే జాబితా మొదలుపెట్టారు. మొదట్లో డేటాబేస్, లాజిక్ ప్రోగ్రామింగ్ పత్రాలకే పరిమితం. తర్వాత కంప్యూటర్ సైన్స్ మొత్తానికీ విస్తరించింది. ఒకే పేరున్నవాళ్లని అక్కడ 0001, 0002 అని అంకెలు తగిలించి వేరుచేస్తారు. 2012 నుంచి ఆర్కిడ్ పేరుతో ప్రతి పరిశోధకుడికీ ఒక నంబరిచ్చే ఏర్పాటూ వచ్చింది. ఒకరకంగా మన ఆధార్ లాంటిది. ఒకే మనిషికి రెండు రికార్డులుంటే పట్టుకోవడం, ఇద్దరు ఒకే రికార్డులో ఉంటే విడదీయడం... ఇవి స్వయంగా డేటాబేస్ పరిశోధకులు దశాబ్దాలుగా కుస్తీపడుతున్న సమస్యలే. వాళ్ల పనిని లెక్కపెట్టడానికీ అదే అడ్డం రావడం భలే తమాషా.

ఉప్పు కరిగిపోయాక

మరో సంగతి. ఈరోజు డేటాబేస్ మీద పత్రం రాసేవాళ్లలో ఎంతమంది కాడ్‌ని ప్రస్తావిస్తారు? 'టేబుల్' అని రాస్తారు, 'జాయిన్' అని రాస్తారు. ఆ మాట వెనక కాడ్ ఉన్నారని ఎవరూ చెప్పరు. చెప్పాల్సిన పనిలేదనుకుంటారు. పప్పులో ఉప్పు కరిగిపోయాక విడిగా కనిపించదు కదా! ఆలోచన అందరి సొత్తయిపోయి, కర్త పేరు చెరిగిపోయే ఈ స్థితిని అమెరికా సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ ఎప్పుడో గుర్తించి పేరు పెట్టారు.

మన సి.ఆర్.రావుగారి విషయంలో జరిగిందీ ఇదే. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, కలకత్తా వెళ్లి గణాంకశాస్త్రంలో చేరిన ఆయన పాతికేళ్ల వయసులో, 1945లో కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో ఒక పత్రం రాశారు. అందులోని ఫలితమే 'క్రేమర్-రావు' పేరుతో పాఠ్యపుస్తకాల్లోకి వెళ్లింది. రాడార్ ఇంజినీర్లూ వాడతారు, సిగ్నళ్లు చదివేవాళ్లూ వాడతారు. పేరైతే పలుకుతారు గానీ ఆ బులెటిన్ పేజీ నంబరు రాసేవాళ్లు కొందరే. ఆ పని ఎంతటిదో గుర్తుచేస్తూ 2023లో అంతర్జాతీయ గణాంక పురస్కారం ఆయన్ని వరించింది. అప్పటికి ఆయనకి నూటరెండేళ్లు. అదే ఏడాది ఆగస్టులో కన్నుమూశారు.

దీనికి అవతలి కొస కూడా ఉంది. రోజువారీ పనికొచ్చే పద్ధతి కనిపెడితే సైటేషన్లు వరదలా వస్తాయి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ఫాస్ఫరస్‌ని కొలిచే పద్ధతి రాశారు. జీవరసాయన శాస్త్రవేత్తలు దశాబ్దాలపాటు దాన్ని ప్రస్తావిస్తూనే వచ్చారు. ప్రొటీన్‌ని కొలిచే పద్ధతి మీద ఆలివర్ లోరీ 1951లో రాసిన పత్రానికి మూడు లక్షలకు పైగా సైటేషన్లున్నాయని 2014లో 'నేచర్' లెక్కతేల్చింది. అన్ని కాలాల్లోనూ అదే నంబర్ వన్. మరి డీఎన్ఏ నిర్మాణాన్ని చెప్పిన 1953 నాటి వాట్సన్, క్రిక్‌ల పత్రం? మొదటి వందలో లేనే లేదు!

సైటేషన్ అంటే మెచ్చుకోలు అనుకోవడమూ పొరపాటే. కాదనడానికి రాసినా లెక్కలోకే వస్తుంది. 1993లో కాడ్ పేరుతో 'ఓలాప్' మీద ఒక పత్రం వచ్చింది. ఆర్బర్ సాఫ్ట్‌వేర్ అనే కంపెనీ దానికి డబ్బు పెట్టిందని తెలిశాక 'కంప్యూటర్‌వరల్డ్' పత్రిక తాను వేసిన వ్యాసాన్ని వెనక్కి తీసుకుంది. ఆ పత్రానికీ సైటేషన్లు దండిగానే ఉన్నాయి. 1970 నాటి సైటేషనూ, 1993 నాటి సైటేషనూ యంత్రానికి ఒకటే.

పిల్లికీ హెచ్-ఇండెక్స్!

అంకెకి విలువ పెరిగితే ఏమవుతుందో మనకి తెలుసు. 2010లో ఫ్రాన్స్‌కి చెందిన సిరిల్ లాబే అనే కంప్యూటర్ శాస్త్రవేత్త, యంత్రంతో అర్థంపర్థంలేని పత్రాలు వంద దాకా రాయించి, అవి ఒకదాన్నొకటి ప్రస్తావించుకునేలా చేసి, ఐక్ అంట్‌కేర్ అనే లేని మనిషిని గూగుల్ స్కాలర్‌లోకి ఎక్కించారు. (పేరు గబగబా చదవండి. 'ఐ కాంట్ కేర్' అని వినిపిస్తుంది.) ఆయన హెచ్-ఇండెక్స్ 94కి చేరింది. ఐన్‌స్టీన్‌కి 84!

2024లో ఇంకా ముందుకెళ్లారు. రీస్ రిచర్డ్‌సన్, నిక్ వైజ్ అనే ఇద్దరు, లారీ అనే పిల్లి పేరుతో పన్నెండు పత్రాలు, వాటికి 132 సైటేషన్లు సృష్టించి చూపించారు. లారీ రిచర్డ్‌సన్ వాళ్ల నాయనమ్మగారి పిల్లి. సైటేషన్లు అమ్ముకునే దుకాణాలు ఇదే దారిలో పనిచేస్తున్నాయని చూపడానికి చేశారు ఆ పని. టైగర్‌ పేరు లక్షలమంది టైపు చేసినా దానికి ఒక్క సైటేషన్ కూడా లేదు పాపం!

నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది. మన దగ్గర మాత్రం ఇది నవ్వులాటగా లేదు. 2010లో యూజీసీ తెచ్చిన ఏపీఐ పద్ధతి పత్రానికిన్ని పాయింట్లని లెక్కగట్టింది. 2018 నిబంధనల్లోనూ పరిశోధనకి పాయింట్ల పట్టిక ఉంది. 2016 నుంచి వస్తున్న జాతీయ ర్యాంకుల్లో పత్రాలకీ సైటేషన్లకీ మార్కులున్నాయి. రోజుకి నాలుగు క్లాసులు చెప్పి, జవాబు పత్రాలు దిద్ది, అడ్మిషన్ల డ్యూటీ చేసి వచ్చిన లెక్చరర్ రాత్రి కూర్చుని ఆ పాయింట్లు ఎలా తేవాలా అని లెక్కలేసుకుంటాడు. డబ్బు కడితే వారంలో అచ్చేసే పత్రికలు అలాంటివాళ్ల కోసమే వెలిశాయి.

ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పే ఒక మిత్రుడు తన అనుభవం చెప్పాడు. ఏడాదిన్నర కష్టపడి డేటాబేస్ మీద ఒక పత్రం రాసి పంపాడు. పరిశీలకుడి నుంచి జవాబు వచ్చింది. పత్రం బాగుంది, కానీ ఈ ఐదింటినీ కూడా ప్రస్తావించండి అంటూ జాబితా. ఐదూ ఒకే బృందం రాసినవి. ఇతని విషయానికీ వాటికీ సంబంధం అంతంతమాత్రం. "మరి ఏం చేశావ్?" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. "రెండు చేర్చాను. ప్రమోషన్ ఫైలు వచ్చే నెల్లో కదులుతుంది. మూడు వదిలేశాను కదా అని తృప్తిపడ్డాను" అన్నాడు. అతన్ని తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు.

ఈ తంతు చూసి విసిగినవాళ్లు లేకపోలేదు. మనిషిని అంచనా వేయడానికి పత్రిక ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌ని అడ్డం పెట్టుకోవద్దంటూ 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక ప్రకటన మొదలైంది. 2015లో లైడెన్ మేనిఫెస్టో పది సూత్రాలు చెప్పింది. హెచ్-ఇండెక్స్ కనిపెట్టిన హిర్ష్ స్వయంగా 2020లో, దానివల్ల తాననుకోని తీవ్రమైన చెడు ఫలితాలు ఉండొచ్చని రాశారు.

డేటాబేస్ రంగం వరకూ నాకు నచ్చిన పద్ధతి ఒకటుంది. సిగ్‌మాడ్‌లోనూ వీఎల్‌డీబీలోనూ పదేళ్లు గడిచాక పాత సదస్సు పత్రాలని మళ్లీ తీసి, ఏది నిలబడిందో కూర్చుని చదివి, చర్చించి అవార్డిస్తారు. అగ్రవాల్, శ్రీకాంత్‌ల పత్రానికి వీఎల్‌డీబీ 2004లో అలాగే ఇచ్చింది. సైటేషన్లు చూడరని కాదు, చూస్తారు. తెలిసినవాళ్లు చదివాకే తేలుస్తారు. పదేళ్లు ఆగే ఓపిక మాత్రం ప్రమోషన్ కమిటీలకి ఎక్కడుంటుంది? సిగ్‌మాడ్ ఏటా ఇచ్చే ఇన్నోవేషన్స్ అవార్డుకి 2004లో కాడ్ పేరు పెట్టారు. ఆయన అంతకు ముందు ఏడాది ఏప్రిల్ 18న ఫ్లోరిడాలో కన్నుమూశారు.

ఆయన పత్రానికి సైటేషన్లు ఇంకా పెరుగుతూనే ఉన్నాయి. అందులోకి ఎక్కని ప్రస్తావనల సంగతి వేరే. మీ జేబులో ఉన్న ఫోన్‌లో పేర్లూ నంబర్లూ దాచే చిన్న సాఫ్ట్‌వేర్ ఎస్‌క్యూలైట్. అది నడిచేది కాడ్ పట్టికల మీదే. ఇప్పుడు ఎవరికైనా ఫోన్ చేస్తే ఆయన్ని ఒకసారి తలుచుకున్నట్టే.

అన్నట్టు అమీర్‌పేట ప్రశ్న మిగిలిపోయింది. కాడ్ ఆ రూల్స్‌ని 1985లో రాశారు. పరిశోధన జర్నల్లో కాదు, 'కంప్యూటర్‌వరల్డ్' అనే వృత్తిరంగ వారపత్రికలో. జర్నళ్లని లెక్కపెట్టే సూచికలకి కనిపించని చోట! అందరూ పన్నెండనే అంటారు. కాడ్ మాత్రం ఒకటి నుంచి మొదలుపెట్టలేదు, సున్నా నుంచి పన్నెండు దాకా నంబర్లు వేశారు. లెక్కపెట్టి చూడండి, పదమూడు వస్తాయి. ఇంటర్వ్యూల్లో పన్నెండన్నవాళ్లకే ఉద్యోగాలొచ్చాయి.